ఎనభై నాలుగు మోడల్ గేర్‌బాక్స్

జన్నారం చెక్‌పోస్టు దాటాక మూడో గేరు ఆలస్యంగా పడింది. ఎంత ఆలస్యమంటే ఒక మనిషి పేరు పలికేంత. కారులో అంబదాస్ ఒక్కడే ఉన్నాడు. పక్కన ఎవరైనా ఉన్నా వాళ్లకు తెలిసేది కాదు, అతని కుడి పాదానికి తెలిసింది. నూనె ఇంకా వేడెక్కలేదేమో అనుకున్నాడు. పొద్దున ఎనిమిదింటికి కరీంనగర్‌లో బయలుదేరి చొప్పదండి, ధర్మారం, రాయపట్నం వంతెన, లక్షెట్టిపేట దాటి ఇంత దూరం వచ్చాక నూనె వేడెక్కకపోవడమేమిటని మళ్లీ తనే అనుకున్నాడు. నవంబరు చలి అనుకున్నాడు. ఇరవై రెండు రోజుల కింద కంటి పొర తీయించుకున్నవాడు రోడ్డును, చెట్లను, ఎదురొచ్చే లారీ నంబరును కొత్తగా చూస్తున్నాడు కాబట్టి అన్నీ కొత్తగా తోస్తున్నాయేమో అనుకున్నాడు. కాలికి కంటితో పనేమిటి. ఈ గేర్‌బాక్స్‌ను నాలుగు నెలలు కూర్చొని విప్పి, కడిగి, కట్టింది తను. ఎనభై నాలుగు మోడల్. దాంట్లో మూడో గేరు నలభై దగ్గర పడాలి, పడినట్టు తెలియకుండా పడాలి. ఇది యాభై దగ్గర పడింది, పడినట్టు తెలిసింది. కాలు తీసి మళ్లీ తొక్కాడు. అంతే. ఒక మలుపు దాటి ఇంకోసారి తొక్కాడు. మళ్లీ అంతే. ఒకసారి చేస్తే తప్పు, మూడుసార్లూ ఒకే తీరుగా చేస్తే దాని గుణం. ఆ గుణమున్న గేర్‌బాక్స్ ఒకటి అతనికి తెలుసు. డెబ్భై తొమ్మిది మోడల్. అది కరీంనగర్ షెడ్డులో వెనక గోడ అరలో, గోనెసంచి కింద ఉండాలి.

ఉండాలి. చూసి ఎన్నాళ్లయింది. ఆ రెండు గేర్‌బాక్స్‌లూ షార్జా నుంచి ఒకే చెక్కపెట్టెలో వచ్చాయి, పందొమ్మిదేళ్లు అక్కడ పనిచేసి తిరిగొచ్చినప్పుడు. అందరూ బంగారం, కంబళ్లు తెచ్చుకుంటే నువ్వు ఇనుము తెచ్చుకున్నవా అని కోమల నవ్వింది. పెళ్లాం నవ్వితే అతనికీ నవ్వొచ్చింది. ఎనభై నాలుగుది మంచి స్థితిలో ఉంది, దాన్ని ఎప్పటికైనా పనికొస్తుందని దాచాడు. డెబ్భై తొమ్మిదిదాన్ని లోపలి ముక్కల కోసం ఉంచాడు, ఎందుకంటే దాంట్లో బండిని నిలబెట్టే పన్ను అరిగిపోయింది. ఆటోమేటిక్ కారుకు గేర్ల వరసలో P అని ఒకటి ఉంటుంది, గేరు కర్రను అక్కడికి జరిపితే లోపల ఒక పన్ను చక్రంలో దిగి బండిని కదలకుండా పట్టుకుంటుంది. ఆ పన్ను అరిగితే పట్టు జారుతుంది. మరిచిపోకుండా ఆ గేర్‌బాక్స్ మీద సుద్దతో పి ఖరాబ్ అని తనే రాశాడు. పక్కన నిలబడి సుద్దముక్క అందించింది రాకేశ్.

రాకేశ్ కోమల తమ్ముడు. పన్నెండేళ్ల కింద సిరిసిల్లలో బట్ట నేసే మరమగ్గాలు, సాంచాలు మూలకు పడి, కూలి సగమైనప్పుడు, వాన్ని ఏదన్న పనిల పెట్టు అని కోమల అంటే కరీంనగర్ తీసుకొచ్చాడు. ముప్పై నాలుగేళ్లు ఇప్పుడు వాడికి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పి కట్టగలిగినవాళ్లు ఈ నాలుగు జిల్లాల్లో ఇద్దరే, ఒకరు తను, రెండోవాడు తను నేర్పినవాడు. అంబదాస్‌కు ఈ లెక్క గర్వంగా ఉండేది. ఇప్పుడు అదే లెక్క వేరే తీరుగా చూడాల్సి వచ్చింది, ఎందుకంటే ఈ కారు కింద గేర్‌బాక్స్ మారిందనుకుంటే మార్చగలిగినవాళ్లూ ఇద్దరే, అందులో ఒకడు అది ఎక్కించిన రోజుల్లో ఆస్పత్రిలో కంటికి పట్టీతో పడుకొని ఉన్నాడు.

కాదు అనుకున్నాడు. రోడ్డు పక్క కిలోమీటరు రాయి కనిపించింది. రాయి మీది అంకె స్పష్టంగా కనిపించడం అతనికి ఇంకా వింతే. మీటరు వంక చూసి మనసులో గుర్తు పెట్టుకున్నాడు. టేకు చెట్ల మధ్య రోడ్డు, స్పీడ్ బ్రేకర్లు, మెల్లగా వెళ్లమని అటవీ శాఖ బోర్డులు. మీటరు సంగతి బాబారావు పటేల్ అడిగితే బాగుచేశాడు. ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లు ఆయనది, ఈ కారూ ఆయనదే. డెబ్భై ఎనిమిదేళ్లు. ఆరేళ్ల కింద పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. క్లచ్చు తొక్కలేడు కాబట్టి ఇంట్లో ఉన్న మిగతా బండ్లన్నీ కొడుకులవి, ఈ పాత జర్మన్ కారు ఒక్కటే తనది, దీనికి కుడి కాలు చాలు. గేర్‌బాక్స్ పాడై రెండేళ్లు మూల పడితే డ్రైవరును పెట్టుకొమ్మన్నారు. డ్రైవరు పక్కకు కూసునేటోడు పటేల్ గాదు, పార్సల్ అన్నాడట. ఆ మాట షెడ్డుకొచ్చి ఆయనే చెప్పాడు, కర్ర ఆనించి స్టూలు మీద కూర్చొని. గేరు డబ్బా నువ్వే కట్టు, వేరేటోని చెయ్యి వడొద్దు, నీ జబాన్ మీద ఇడిసిపెడుతున్న అన్నాడు. అంబదాస్ జబాన్ ఇచ్చాడు. ఎనభై నాలుగు కారు, ఎనభై నాలుగు గేర్‌బాక్స్, మాటకు సరిపోయింది అనుకున్నాడు.

అక్కడి నుంచి పదో రాయి వచ్చింది. మీటరు పదకొండు కిలోమీటర్లు తిరిగినట్టు చూపించింది.

ఆలోచనలు ఒక్కొక్కటే వచ్చాయి. మీటరును తిప్పే చిన్న పళ్లచక్రం గేర్‌బాక్స్ తోకలో ఉంటుంది. ఎనభై నాలుగుకు ఒక లెక్క పళ్లు, డెబ్భై తొమ్మిదికి ఇంకో లెక్క. గేర్‌బాక్స్ మార్చినవాడు ఆ చక్రం కూడా మార్చాలి, లేకపోతే రోడ్డు ఒకటి చెబుతుంది, మీటరు ఒకటి చెబుతుంది. రాకేశ్‌కు ఇది తెలియదా. తెలుసు. మరి ఎందుకు మరిచాడు. ఎందుకంటే షెడ్డులో ఒక అలవాటు ఉంది, ఆ అలవాటు పెట్టింది అంబదాసే. ట్రయలుకు బండి తీసే ముందు మీటరు తీగ విప్పేస్తారు. మనం తిరిగిన కిలోమీటర్లు ఓనరు బండి మీద ఎక్కొద్దని. తిరిగొచ్చాక మళ్లీ బిగిస్తారు. రాకేశ్ ఎన్నిసార్లు ట్రయలు చేసినా మీటరు తిరగనే లేదు, తప్పు కనబడనే లేదు. మంచి అలవాటు అనుకొని నేర్పింది ఇవాళ వాన్ని పట్టించింది. ఆ ఆలోచనకు అంబదాస్‌కు నవ్వు రాబోయి ఆగింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక షెడ్డుకు పోతానంటే కోమల పోనిచ్చింది, కాని కుర్చీలోనే కూర్చోమంది. వంగొద్దన్నడు డాక్టరు అంది. డాక్టరు వారం అన్నాడు. కోమల మూడు వారాలు అంది. టిఫిను డబ్బా తనే తెచ్చేది, ఎప్పుడూ తేనిది. కారు పక్కన నిలబడి చూస్తూ ఉంటే, బండి కిందికి పోతున్నవా ఏంది, కన్ను పోగొట్టుకుంటవా అని బయటికి పిలిచేది. అప్పుడు అది ప్రేమ అనుకున్నాడు. అది ప్రేమే కావచ్చు, ఎవరి మీద అన్నది ఇప్పుడు చూడాలి. మొన్న ఆదివారం రాకేశ్ ఫోనులో పెట్టిన ఫొటో గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో ఏదో పెద్ద షెడ్డు, తెల్ల కారు, బానెట్ లేపి ఉంది, పక్కన రాకేశ్, ఇస్త్రీ చొక్కా. కొత్త కన్నుతో ఆ ఫొటో చూసి చొక్కా రంగు బాగుంది అన్నాడు కోమలతో. ఆమె పొయ్యి వైపు తిరిగి ఊఁ అంది. ఆ తెల్ల కారు ఎవరిదో అతనికి తెలుసు. ఆ సారు వేసవిలో రెండుసార్లు కరీంనగర్ వచ్చాడు, పాత కార్లు బాగుచేసి దాచుకునే మనిషి. ఆయన కారూ ఇదే రకం, ఎనభై నాలుగుది. అరలో ఉన్న ఎనభై నాలుగు గేర్‌బాక్స్‌ను చూసి తనకిమ్మని అడిగాడు. అది పటేల్‌ది అన్నాడు అంబదాస్. రెండోసారి వచ్చినప్పుడు ఆ సారు రాకేశ్‌తో బయట టీ కొట్టు దగ్గర చాలాసేపు మాట్లాడాడు. ఏమంటుండు అంటే, ఏం లేదు బావా, ఊర్కెనే అన్నాడు.

ఇంధన్‌పల్లి దాటాక రోడ్డు ఎత్తెక్కడం మొదలైంది. రోడ్డు పక్క జాగా చూసి ఆపాడు. కర్రను P కి జరిపి, బ్రేకు మీద నుంచి కాలు తీసి, తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టాడు. కారు వెనక్కి జారింది. జానెడు జారి, లోపల ఏదో టక్కున పట్టుకొని ఆగింది. ఈ కారుకు చేత్తో లాగే బ్రేకు ఉండదు, ఎడమ కాలితో తొక్కే బ్రేకు ఉంటుంది. అంబదాస్ ఎడమ కాలితో దాన్ని తొక్కాడు. తొక్కుతూ ఉండగానే బాబారావు ఎడమ కాలు గుర్తొచ్చింది. ఆ కాలితో ఆయన ఏ బ్రేకూ తొక్కలేడు. ఆయనకు బండి ఆగడమంటే P ఒక్కటే. బండి ఆపి, చేతికర్ర బయట పెట్టి, రెండు చేతులతో ఎడమ కాలును ఎత్తి దింపి, తలుపు పట్టుకొని లేస్తాడు. దానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఈ అరిగిన పన్ను ఆయన్ను పట్టుకొని ఉండాలి.

రాళ్లు ఏరి వెనక చక్రాలకు పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చొని, తర్వాత చెయ్యి ఆనించి, తర్వాత వెల్లకిలా పడుకొని తల కిందికి పెట్టాడు. కంట్లోకి నీళ్లొచ్చాయి, తుడుచుకున్నాడు. పని చూశాడు. డెబ్భై తొమ్మిది తోక రెండు వేళ్లంత పొడవెక్కువ, అందుకని వెనక చక్రాలకు పోయే షాఫ్టును అంత మేర కోసి మళ్లీ వెల్డింగ్ చేశారు. వెల్డింగ్ చుట్టూ ఒకే మందం. గేర్‌బాక్స్‌ను మోసే అడ్డపట్టీకి కొత్త రంధ్రాలు, అంచులు ఆకురాయితో రుద్దారు. పాత మోడల్‌కు ఇంజిన్ నుంచి ఇనుప కడ్డీ వస్తుంది, కొత్త మోడల్‌కు తీగ వస్తుంది, ఆ తీగను ఈ కడ్డీకి అతికారు, ఆ అతుకు మీద నూలు చుట్టి వార్నిష్ పూశారు. ఇదంతా చేసే పద్ధతి అంబదాస్‌ది. షార్జాలో టాక్సీలవాళ్లకు కొత్త మోడల్ దొరకనప్పుడు పాతది ఎక్కించేవాడు, ఇది మీ బండిది కాదు భాయ్, కానీ నడుస్తుంది అని చెప్పి ఎక్కించేవాడు. చెప్పి ఎక్కిస్తే అది పని. నూలు చివర ముడి చూశాడు. సాంచం మీద పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగును పోగు పోగు అతికే ముడి. రాకేశ్‌కు ఆ ముడి నేర్పాల్సిన పని పడలేదు, వాళ్లమ్మ దగ్గరే నేర్చుకొని వచ్చాడు. రాకేశ్‌ది ఎడమ చెయ్యి. ముడి ఎడమకు తిరిగి ఉంది. సుద్ద రాత ఉన్న చోట మాత్రం తడిగుడ్డతో తుడిచినట్టుంది, పి అనే అక్షరం సగం మిగిలింది.

అలాగే పడుకొని ఉన్నాడు. రోడ్డు మీద ఒక బస్సు పోయింది, నేల కదిలింది. పని బాగుంది. అదే మింగుడు పడలేదు. అడ్డదిడ్డంగా చేసి ఉంటే తొందరపడ్డాడు, ఆశపడ్డాడు అనుకోవచ్చు. వెల్డింగ్ అంత మందంగా వేసేవాడు తొందరలో వేయడు. నాలుగైదు రోజులు పట్టి ఉంటుంది. ఆ నాలుగైదు రోజులూ సాయంత్రం ఆస్పత్రికి వచ్చి, మంచం పక్కన కూర్చొని బత్తాయి ఒలిచి చేతిలో పెట్టాడు. కంటికి పట్టీ ఉన్నవాడికి తొనలు లెక్కపెట్టి ఇచ్చాడు. డబ్బా ఎక్కిచ్చినవారా అంటే, ఎక్కిచ్చిన బావా, నువ్వు ఫికర్ జెయ్యకు అన్నాడు. అబద్ధం కూడా కాదు అది. తను ఎప్పుడైనా ఎవరికైనా ఇలా చేశాడా అని వెతికాడు. షార్జాలో పని నేర్పిన ఉస్తాద్‌కు చుట్టాల పెళ్లని చెప్పి వేరే షెడ్డులో పని అడగడానికి పోయాడు ఒకసారి. పని దొరకలేదు, తిరిగొచ్చాడు. పెళ్లి భోజనం ఎట్లుందని ఉస్తాద్ అడిగితే బాగుందన్నాడు. అంతవరకు దొరికింది, అంతకన్నా దొరకలేదు.

లేచి, బట్టలు దులుపుకొని, కోమలకు ఫోన్ చేశాడు. రాకేశ్‌కు చేయలేదు. ఎందుకో ముందు ఆమె గొంతు వినాలనిపించింది.

"రాకేశ్ ఏడున్నడే?"

అవతల మిక్సీ శబ్దం ఆగింది.

"బండి ఇచ్చి రా," అంది. "ఇచ్చి వచ్చినంక మాట్లాడుకుందాం."

అతను బండి మాట ఎత్తలేదు. ఎత్తలేదన్న సంగతి ఆమెకు కూడా అప్పుడే తెలిసినట్టుంది.

"నీకు ఎప్పటి సంది ఎరుక?"

"పన్నెండేండ్ల సంది నీ బోర్డు కిందనే ఉన్నడు వాడు," అంది కోమల. "ఆ సారు షెడ్డు వెట్టిస్త అంటుండు. వాని చేతి పని ఒకటి జూపియ్యమన్నడట. ఏం జూపిస్తడు వాడు? వానికంటు ఏమున్నది?"

"గందుకని నాది జూపిచ్చిండా?"

"పటేల్ ముసలోడు. ఎన్ని దినాలు నడుపుతడు? ఏ డబ్బా అయితేంది?"

అంబదాస్ ఫోను పెట్టేశాడు. ఆమె మాటల్లో కోపం లేదు, భయం కూడా లేదు, ఇంటి సంగతి ఒకటి సర్దుతున్న గొంతు. ముప్పై ఏళ్లుగా ఆ గొంతు అతని పక్షాన సర్దింది, చుట్టాలతో, ఇంటి ఓనరుతో, వీసా ఏజెంటుతో. ఈసారి అవతలి పక్షాన సర్దింది. అంతే తేడా. రాళ్లు తీసి పక్కకు వేశాడు. వెనక్కి తిప్పి కరీంనగర్ పోవచ్చు. పోయి ఏమంటాడు. హైదరాబాద్‌లో ఆ తెల్ల కారు కింద ఎనభై నాలుగుది ఉంటుంది, రాకేశ్ కట్టాడని అందరూ అంటుంటారు, ఆ సారు ఒక్క వేలితో కర్ర జరిపి చూసి మూడో గేరు పడినట్టే తెలియలేదంటాడు. పడినట్టు తెలియకుండా పడటానికి ఏం చేయాలో రాకేశ్‌కు తెలుసా. తెలుసు, చూశాడు. చేశాడా. చేయలేదు. లేదా ముందుకు పోయి బండి ఇచ్చి, చాయ్ తాగి, బస్సెక్కి రావచ్చు. కోమల అన్నట్టే ముసలాయన వారానికి ఒకసారి చేను దాకా పోయొస్తాడు, పన్ను జారకపోతే జారదు. జారినా నాలుగు నెలలకో ఏడాదికో జారుతుంది, పాత బండి అంటారు. రాకేశ్ షెడ్డు పెడతాడు. కోమల మొహం మామూలుగా ఉంటుంది. ఎవరికీ ఏమీ కాదు, తనకు తప్ప. ఉట్నూరు ఎప్పుడు దాటిందో తెలియలేదు. గుడిహత్నూరు దగ్గర పెద్ద రోడ్డు ఎక్కాడు. పత్తి బస్తాలతో బొలెరోలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాటి వెనకే పోయాడు.

మిల్లు గేటు దగ్గర బాబారావు కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. తెల్లారగట్ల నుంచి కూర్చున్నాడని వాచ్‌మన్ చెప్పాడు. యా, యా అంబదాస్ భావు, రా తమ్మీ అని కర్ర లేపాడు. ఆయన మాటల్లో సగం మరాఠీ ఉంటుంది, సంతోషం ఎక్కువైతే ముప్పాతిక. కారు చుట్టూ తిరిగి చూసి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, వేడిగా ఉంది అని నవ్వాడు. అంబదాస్ మాట వెతుక్కుంటున్నాడు. డబ్బా మారిందని చెప్పాలి, అంతే, చిన్న మాట. అంతలో బాబారావే గొంతు తగ్గించి భుజం మీద చెయ్యేశాడు.

"నీ బామ్మర్ది మొన్న వచ్చి అంత చెప్పిండు భావు. నీకు కండ్లు ఆనుతలేవట, చేతులు వణుకుతున్నయట. డబ్బా మొత్తం వాడే కట్టిండట. నువ్వు బాధపడుతవు, నీ ముంగట అనద్దన్నడు. నేను అనేటోన్ని గాదు గని, నాకు ఏం పరేషాన్ లేదు. నువ్వు నేర్పినోడే గదా."

అంబదాస్ తన చేతులు చూసుకున్నాడు. అవి వణకడం లేదు. ఇప్పుడు తను ఏం చెప్పినా కళ్లు పోయిన ముసలి మేస్త్రీ ఎదిగిన కుర్రవాడి మీద చెప్పినట్టే ఉంటుంది. రాకేశ్ అంత దూరం ఆలోచించాడు. షాఫ్టు కోసినంత సరిగ్గా ఇదీ కోశాడు. బాబారావు కర్ర వాచ్‌మన్‌కు ఇచ్చి డ్రైవరు సీటు వైపు నడుస్తున్నాడు, తలుపు మీద చెయ్యి వేశాడు.

"పటేల్, మీరు కూసోవద్దు," అన్నాడు అంబదాస్. "ఒక్క పది నిమిషాలు నాకియ్యుండ్రి."

కారును గేటు పక్కనే పత్తి బండ్లు తూచే వేబ్రిడ్జి ర్యాంపు మీదికి ఎక్కించాడు. P కి జరిపి, కాలు తీసి, దిగి, తలుపు వేసి దూరంగా నిలబడ్డాడు. కారు కదల్లేదు. హమాలీలు బస్తాలు దించడం ఆపి చూశారు. ఒక నిమిషం అయింది. కారు అలాగే ఉంది. బాబారావు అతని వంక చూశాడు, ఆ చూపులో జాలి ఉంది, అది అంబదాస్‌కు కొత్త కన్నుతో బాగా కనిపించింది. అవతలి వైపు నుంచి పత్తి బొలెరో ఒకటి వేబ్రిడ్జి మీదికి ఎక్కింది. పలక అదిరింది. కారు లోపల టక్‌మన్న శబ్దం అయ్యింది, తర్వాత ఇంకొకటి, తర్వాత వరసగా, కారు ర్యాంపు దిగి, ఇంతకు ముందు బాబారావు కుర్చీ ఉన్న చోటు మీదుగా వెనక్కి పోయి, పత్తి కుప్పలో సగం దాకా దిగి ఆగింది.

బాబారావు కర్ర తీసుకొని కుప్ప దాకా నడిచాడు. లోపల గేరు కర్ర P లోనే ఉందని అద్దంలోంచి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"గిది ఎవరి పని?"

"డబ్బా నేను కట్టింది గాదు. నేను కట్టింది హైదరాబాదుల ఉన్నది. దీన్ని రాకేశ్ ఎక్కిచ్చిండు," అన్నాడు అంబదాస్. "పన్ను అరిగిందని వానికెరుకే."

చెప్పాక తేలిక అవుతుందనుకున్నాడు. కాలేదు. పత్తి ముక్కలు చొక్కాకు అంటుకుంటే ఒక్కొక్కటి తీసుకుంటూ నిలబడ్డాడు. జేబులో ఫోను మోగింది, కోమల అయి ఉంటుంది, తీయలేదు. మిల్లులో వర్క్‌షాపు ఉందా, జాకీ ఉందా అని అడిగాడు. దీన్ని దించి పన్ను కొత్తది చేసి వేయాలి, నాలుగైదు రోజులు పడుతుంది, అన్ని రోజులు ఇక్కడే పడుకుంటానన్నాడు. బాబారావు ఎవరినో పిలిచి గది తెరవమన్నాడు. మళ్లీ ఇటు తిరిగాడు.

"గంత బరువు ఒక్కనివి దించలేవు గదా భావు. ఇంకొకడు గావాలె. ఎవల్ని పిలుద్దాం? రాకేశ్‌ను రమ్మంటవా, మొఖం మీదనే అడుగుదాం?"

"వద్దు," అన్నాడు అంబదాస్. "హమాలీలల్ల ఎవలన్న ఒకల్ని ఇయ్యుండ్రి. పని రాకున్నా మంచిదే. నేను ఇడ్వమనేదాక పట్టు ఇడ్వకుంటే సాలు."